యూరపు ఖండమున గురుదక్షిణ చెల్లించువారెవరు?



కౌత్సుని కథ మీరెఱుగనిది కాదు. వరతంతు మహర్షి శిష్యుడగు కౌత్సుడు విద్య ముగించి, గురుదక్షిణగా నేమి సమర్పింతునని గురువు నడిగెను. నీవు చేసిన శుశ్రూషయే చాలునని గురువు చెప్పెను. శిష్యుడు వినక మఱల మఱల నడుగగా, ఆయన విసిగి, నేర్చిన విద్యలు పదునాలుగు గనుక పదునాలుగు కోట్ల సువర్ణము తెమ్మనెను. చేత చిల్లిగవ్వ లేని యా బ్రహ్మచారి రఘుమహారాజు కడకు బోయెను. రఘువు అప్పటికే విశ్వజిద్యాగమున సర్వస్వమును దానమిచ్చి, మట్టిపాత్రతో నర్ఘ్యమిచ్చు స్థితిలో నుండెను. అయినను, గురుదక్షిణకై వచ్చిన విద్యార్థి తన వాకిటినుండి వట్టిచేతులతో మఱలిపోయెనను అపకీర్తి తనకు వలదని తలచి, కుబేరునిపై దండెత్త నిశ్చయించెను. తెల్లవారునప్పటికి కోశాగారము బంగారముతో నిండి యుండెను. కాళిదాసు రఘువంశమున నైదవ సర్గములో నీ కథను వర్ణించినాడు.

ఈ కథలో మువ్వురు కలరు. విద్యకు వెల లేదని గురువు మొదట చెప్పినాడు. వెల చెల్లింపనిదే కదలనని శిష్యుడు పట్టుబట్టినాడు. చెల్లింపవలసిన భారము నాదియని రాజు మీద వేసికొన్నాడు. ఈ మువ్వురి మాటలలో నేది చెల్లవలెనని యూరపు ఖండము సుమారు ఎనిమిదివందల యేండ్లనుండి వాదించుచునే యున్నది. తీర్పు నేటికిని కాలేదు. దేశమునకొక తీర్పు, ఒకే దేశమున తరమునకొక తీర్పు.

ఆ దూరదేశముల వ్యాజ్యము మనకేల యని మీరడుగవచ్చును. నిరుడు మా పొరుగూరి రైతొకరు చేత కాగితము పట్టుకొని మాయింటికి వచ్చిరి. మనుమడు పైచదువునకు జర్మనీ దేశము పోవనున్నాడు. "పంతులుగారూ, అచ్చట ఫీజే లేదని ఆ పంపించెడి మధ్యవర్తి చెప్పినాడు. ఇప్పుడు పదిలక్షలకు పైగా చూపుమని కాగితము వచ్చినది. ఫీజు లేనిచోట ఈ సొమ్మెందులకు? మాగాణి తాకట్టు పెట్టుమందురా, వలదందురా?" యని యాయన యడిగిరి. ఆ ప్రశ్నకు నేను చెప్పిన సమాధానమే యీనాటి ప్రసంగము. కొంచెము దూరమునుండి మొదలుపెట్టుదును, ఓపికతో వినవలెను.

ఇటలీ దేశమున బొలోన్యా యను నగరము కలదు. యూరపు విశ్వవిద్యాలయములలో నదియే ప్రాచీనతమమని చెప్పి, 1088వ సంవత్సరమును దాని పుట్టుకగా నెన్నుదురు. న్యాయశాస్త్రము చదువుటకు దూరదేశములనుండి అచ్చటికి వచ్చినవారిలో పెక్కురు ఈడు వచ్చినవారు, కలిగినవారు. వారు సంఘములుగా నేర్పడి, తమలో తాము చందాలు వేసికొని, యుపాధ్యాయులకు జీతమిచ్చెడివారు. సొమ్మిచ్చువాడే యజమానుడు గదా! ఉపాధ్యాయుడు ఆలస్యముగా వచ్చినను, చెప్పవలసిన భాగమును గడువులో ముగింపకున్నను, విద్యార్థి సంఘము జరిమానా వేసెడిది. వారి సెలవు లేనిదే యాయన ఊరు దాటరాదు. ముప్పదియేండ్లకు పైగా బడిలో పనిచేసిన నాకు ఈ సంగతి మొదటిసారి చదివినపుడు నవ్వును వచ్చినది, వణకును పుట్టినది. విద్యార్థులు అలిగినచో ఊరు విడిచి పోయెడివారు. 1222లో కొందఱు అట్లు పోగా పాదువా విశ్వవిద్యాలయము పుట్టెను. విద్యార్థులు పోయిన యూరిలో పూటకూటి యిండ్లును అంగళ్లును పాడుపడును. అందుచేత 13వ శతాబ్ది తుదినుండి బొలోన్యా నగరమే యుపాధ్యాయులకు జీతములిచ్చుట మొదలిడెను. శిష్యుని చేతినుండి భారము రాజు చేతికి మాఱుట అచ్చట అట్లు ఆరంభమైనది.

ఫ్రాన్సు దేశపు పారిస్ నగరమున మార్గము వేఱు. అచ్చట విద్య క్రైస్తవ ధర్మపీఠమునకు లోబడి యుండెను. విద్య భగవద్దత్తము గనుక దానిని అమ్మరాదని వారి మతము. మన స్మృతికారులు జీతము పుచ్చుకొని వేదము చెప్పువానిని భృతకాధ్యాపకుడని నిందించిన విషయము మీకు తెలియును, భావమించుమించుగా నదియే. 1179లో రోమునగరమున సమావేశమైన మహాసభ, ప్రతి ప్రధాన దేవాలయమునను ఒక యుపాధ్యాయునకు మాన్యమేర్పఱచి, పేద విద్యార్థులకు ఊరకయే చదువు చెప్పింపవలెననియు, బోధించుటకు అనుమతి యిచ్చునపుడు పైకము పుచ్చుకొనరాదనియు శాసించెను. గురువునకు భూమి యిచ్చిన పిమ్మట శిష్యుని చేయి చూడనక్కఱలేదు. అగ్రహారములిచ్చిన మన రాజులకును ఈ యుపాయము తెలిసినదే.

అయినను చదువు ఉచితమైన మాత్రమున ఆకలి తీఱునా? ఇక్కడనే యసలు చిక్కు కలదు. 1180లో జెరూసలేము యాత్ర చేసి వచ్చిన లండను వాసి యొకడు పారిస్‌లోని ధర్మవైద్యశాలలో నొక గది కొని, పదునెనుమండుగురు పేద విద్యార్థులకు పడకలును కొంత భత్యమును ఏర్పాటు చేసెను. అందులకు బదులుగా వారు, ఆ వైద్యశాలలో చనిపోయినవారి శవములముందు వంతులవారీగా శిలువను, తీర్థమును పట్టుకొని నడువవలెను. 1257లో రాబర్ట్ ద సోర్బాన్ అను మతాచార్యుడు పేద విద్యార్థులకై స్థాపించిన వసతిగృహమే తరువాత సోర్బాన్ అని జగత్ప్రసిద్ధమయ్యెను. మన సత్రములవంటి స్థాపనములే యవి.

జర్మనీ దేశపు విశ్వవిద్యాలయములలో పేదవాని పేరును చేర్చుకొనునపుడు, పట్టికలో పేరు ప్రక్కన "పేద" యని వ్రాసి రుసుము మన్నించెడివారు. భోజనమునకు కొన్ని చోట్ల ధర్మపంక్తులుండెడివి. క్రైస్తవ మతమును రెండుగా చీల్చిన మార్టిన్ లూథరు బాల్యమున చదువుకొనుచు, ఐసెనాక్ పట్టణమున ఇంటింటి వాకిట పాటలు పాడి రొట్టె యడుగుకొనెను. దీనిని మనము మధూకరమందుము. మా గురువుగారు వారములు చెప్పుకొని చదివినవారు. సోమవారమొక యింట, మంగళవారమొక యింట. గురువారపు టిల్లాలు పుట్టింటికి బోయినచో గురువారముపవాసము. ఆ మాట చెప్పుచు ఆయన నవ్వెడివారు గాని, మాకు మాత్రము నవ్వు వచ్చెడిది కాదు.

ఇంగ్లండు దేశమునకు బోదము. అచ్చట పేద విద్యార్థి సేవ చేసి చదువుకొనవలెను. 1661లో కేంబ్రిడ్జి నగరమున ట్రినిటీ కళాశాలలో చేరిన ఐజాకు న్యూటను, ఇతరులకు పరిచర్య చేయు నియమముతో తక్కువ రుసుమునకు చేరిన తరగతివాడు. 1728లో ఆక్స్‌ఫర్డు చేరిన శామ్యూల్ జాన్సను కథ ఇంకను జాలిగొలుపునది. ఆయన చెప్పులు చినిగి వ్రేళ్లు బయటపడుచుండగా చూచి, ఎవరో దయతో క్రొత్త జత నొకదానిని ఆయన గది వాకిట నుంచిరి. ఆయన కోపముతో వానిని విసరివైచెను. సొమ్ము చాలక, పట్టము పొందకయే, మఱుసటి యేట కళాశాల విడిచిపోయెను. ఇంగ్లీషు భాషకు మహానిఘంటువు వ్రాసినవా డాయనయే. దానము పుచ్చుకొనుట అభిమానవంతునకు ఎంత కష్టమో ఆ చెప్పుల జత చెప్పుచున్నది. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుట యొక యెత్తు. వాని తల వంగకుండ పెట్టుట మఱియొక యెత్తు. తరువాతి కాలమున యూరపు దేశములు చేసిన చట్టములన్నియు ఈ రెండవ యెత్తుకై పడిన పాట్లే యని నాకు తోచును.

గురువుల పక్షము కూడ కొంచెము వినవలెను. స్కాట్లండు దేశమున ఆచార్యుల రాబడిలో నధికభాగము విద్యార్థులు చేతికిచ్చు రుసుమే. ఆడం స్మిత్ అను అర్థశాస్త్రవేత్త గ్లాస్గో నగరమున నట్లే బోధించెను. 1764లో ఏడాది నడుమ ఉద్యోగము వదలి పోవలసివచ్చినపుడు, విద్యార్థులిచ్చిన రుసుములను పొట్లములు కట్టి తిరిగి యిచ్చివేయబోయెను. మీవలన నేర్చినదే చాలును, మాకు వలదని వారనిరి. ఆయన ఒప్పుకొనక, ముందున్నవాని కోటు పట్టుకొని జేబులో పొట్లము కుక్కెనట. వరతంతు కౌత్సుల కథ తలక్రిందులైనట్లున్నది గదా! ఆ స్మిత్తే 1776లో ప్రకటించిన గ్రంథమున, ఆక్స్‌ఫర్డు ఆచార్యులకు శిష్యులతో నిమిత్తము లేని జీతములుండుటచే, వారు బోధించుచున్నామను నటనను సైతము మానివేసిరని యాక్షేపించెను. జర్మనీలో ఇమాన్యుయేల్ కాంటు అను మహాతత్త్వవేత్తయు 1755 మొదలు 1770 వఱకు స్థిరమైన ఆచార్యపదవి లేక, విద్యార్థులిచ్చిన రుసుములతోనే ప్రధానముగా జీవించెను. కాబట్టి రుసుము పద్ధతికి నొక గుణము లేకపోలేదు. శిష్యుడు వినినగాని గురువునకు కూడు లేదు. దోషమేమనగా, రుసుమీయలేనివాడు ఎంత బుద్ధిమంతుడైనను గడప దాటలేడు.

ఈ దోషమును తీర్చుటకు మొదట ధనవంతులును, పిదప ప్రభుత్వములును ముందుకు వచ్చినవి. స్కాట్లండులో నేతగాని కొడుకై పుట్టి, అమెరికాలో ఉక్కు వ్యాపారమున కోట్లు గడించిన ఆండ్రూ కార్నెగీ, 1901లో కోటి డాలర్లతో నొక నిధి నేర్పఱచెను. ఆ నిధినుండి స్కాట్లండు విద్యార్థుల రుసుములను చెల్లించుచుండిరి. రెండవ ప్రపంచయుద్ధము తరువాత ప్రభుత్వములే రఘుమహారాజులు కాదలచినవి. నార్వే దేశము 1947లో విద్యార్థులకు అప్పులిచ్చుటకై ప్రభుత్వ సంస్థను స్థాపించెను. ఇంగ్లండులో 1962 నాటి చట్టముచే, మొదటి పట్టమునకు చదువు ప్రతి విద్యార్థి రుసుమును స్థానిక ప్రభుత్వము చెల్లింపవలెననియు, తలిదండ్రుల రాబడిని బట్టి భోజన వసతులకు వేతనమీయవలెననియు నియమమయ్యెను. జర్మనీలో 1970 ప్రాంతమున, వినుటకు చెల్లించు పాతరుసుము పోయెను. 1971లో పేద విద్యార్థులకు పోషణవేతనమును చట్టముచే హక్కుగా నొసగిరి. హక్కు అను మాటను గమనింపుడు. జాన్సను విసరివైచిన చెప్పుల జతను ఇప్పుడు ఎవరును దయతో వాకిట నుంచనక్కఱలేదు. కొలత చెప్పి తీసికొనవచ్చును.

ఇంతవఱకు కథ నిండుగా నున్నది. ఇక మలుపు వినుడు.

1960 ప్రాంతమున ఇంగ్లండులో ఈడు వచ్చిన నూర్గురిలో విశ్వవిద్యాలయమునకు పోవువారు ఐదాఱుగురు మాత్రమే. 1990 తరువాత ముగ్గురిలో ఒకరు చొప్పున పోసాగిరి. పంక్తి పెరిగినది, వంట పెరుగలేదు. 1990లో వేతనమునకు తోడు అప్పులు ప్రవేశపెట్టిరి. 1998లో ఏటికి 1,000 పౌన్ల రుసుము విధించిరి. 2004లో దానిని 3,000 వఱకు పెంచు ప్రస్తావము పార్లమెంటులో కేవలమైదు వోట్ల యాధిక్యముతో గట్టెక్కెను. 2006 నుండి యది యమలయ్యెను. 2010 డిసెంబరు 9వ తేదీన 9,000 పౌన్ల వఱకు పెంచుటకు 323 వోట్లు, వలదనుటకు 302 వోట్లు వచ్చెను. బయట లండను వీథులలో విద్యార్థులు వేలకొలది గుమిగూడి యుండిరి. పాలకపక్షములలో నొకదానివారు, రుసుము పెంచుటకు ఒప్పుకొనమని యెన్నికలకు ముందు సంతకములు చేసియుండిరి. వారి నాయకుడగు నిక్ క్లెగ్ 2012లో ఆ వాగ్దానము చేసినందులకు బహిరంగముగా క్షమాపణ చెప్పుకొనెను. 2025 నాటికి ఆ రుసుము 9,535 పౌన్లకు చేరినది.

ఐతే ఇంగ్లండు విద్యార్థి ఈ సొమ్మును చేరునాడు తన చేతినుండి తెచ్చుట లేదు. ప్రభుత్వము అప్పుగా నిచ్చి విశ్వవిద్యాలయమునకు కట్టును. 2023 నుండి చేరినవాడు, ఉద్యోగమున ఏటికి 25,000 పౌన్లకు మించి సంపాదించినపుడు, ఆ మించిన సొమ్ములో నూటికి 9 వంతున తీర్చవలెను. రాబడి అంతకు తగ్గినచో తీర్చనక్కఱలేదు. నలువదియేండ్లు గడచినను తీఱనిది రద్దగును. పంట పండిననే శిస్తు, పండనిచో వజా యన్నట్లుండును. ఈ పద్ధతి దయగలదని కొందఱందురు. ఇరువదియేండ్ల పిల్లవాని మెడకు అఱువదియేండ్ల వయసు వఱకు అప్పు వ్రేలాడదీయుట యేమి దయయని కొందఱందురు. రెండు మాటలును నిజములే. కౌత్సుని వలె శిష్యుడే దక్షిణ చెల్లించుచున్నాడు. రాజు వడ్డీవ్యాపారియై మధ్య నిలిచినాడు.

అదే ద్వీపమున, అదే రాజు క్రింద నున్న స్కాట్లండు మఱియొక త్రోవ పట్టినది. తన విద్యార్థులు ముందుగా చెల్లించు రుసుమును 2000లో తీసివైచెను. చదువు ముగిసిన తరువాత పుచ్చుకొను సొమ్మును గూడ 2008లో చట్టముచే రద్దుచేసెను. ఎడింబరో నగరమున ఒకే బల్లమీద కూర్చుండిన యిద్దఱిలో, స్కాట్లండువాడు రుసుము లేక చదువును, ఇంగ్లండువాడు వేలకొలది పౌనుల అప్పుతో చదువును. అయితే ప్రభుత్వమే చెల్లించుచుండుటచే, స్వదేశపు పిల్లలకిచ్చు స్థానముల సంఖ్యకు నచ్చట హద్దు పెట్టవలసివచ్చినది. ఏ పద్ధతియు వెల లేనిది కాదు. వెల యొక్కొక్కచోట ఒక్కొక్క రూపమున బయటపడును.

జర్మనీ కథలో మలుపు వెనుకకు తిరిగినది. 2005 జనవరిలో అచ్చటి రాజ్యాంగ న్యాయస్థానము, రుసుము వేయవలెనో వలదో ఆయా రాష్ట్రములే నిర్ణయించుకొనవచ్చునని తీర్పు చెప్పెను. ఏడు రాష్ట్రములు అర్ధసంవత్సరమునకు 500 యూరోల వఱకు రుసుము వేసెను. ప్రజలు ఒప్పుకొనలేదు. ఒక్కొక్క రాష్ట్రమే వెనుదీసెను. బవేరియాలో 2013లో ఓటర్లలో నూటికి పదిమందికి మించి స్వయముగా పోయి సంతకములు చేయగా, శాసనసభ రుసుమును రద్దుచేయక తప్పలేదు. 2014లో చివరి రాష్ట్రమును మానివైచెను. పోషణవేతనము మాత్రము సగము దానము, సగము వడ్డీలేని అప్పు; తలిదండ్రుల రాబడిని చూచి యిత్తురు. అప్పు భాగము ఎంత యున్నను తీర్చవలసిన మొత్తము 10,010 యూరోలు మించదు. బిడ్డ మొదటి చదువు ముగియువఱకు పోషించు బాధ్యత తలిదండ్రులదని అచ్చటి చట్టమే చెప్పును.

ఉత్తరమున స్వీడను, డెన్మార్కు దేశములలో భావమే వేఱు. ఈడు వచ్చిన విద్యార్థి తండ్రి చాటు బిడ్డ కాడు, స్వతంత్రుడగు పౌరుడు. స్వీడను 1965 నుండి, తలిదండ్రుల రాబడి యెంతయని యడుగకయే, ప్రతివానికిని కొంత దానముగను కొంత అప్పుగను జీవనభత్యమిచ్చుచున్నది, దానమించుమించు మూడవవంతు. రుసుము సున్న. అయినను స్వీడను విద్యార్థి పట్టముతోపాటు అప్పును తీసికొనియే బయటికి వచ్చును; ఏలయన రుసుము లేకున్నను గది అద్దెయు రొట్టెయు నున్నవి గదా! డెన్మార్కున దానభాగమే పెద్దది. ఈ దేశములలో పన్నులు మిక్కిలి హెచ్చు. నేడు చదువుకొన్నవాడు రేపు పన్ను కట్టి, ఎల్లుండి చదువువానిని పోషించును. మన ఋషిఋణము నిట్లే తీర్తుము. గురువుకడ నేర్చినదానిని గురువునకు తిరిగి యీయలేము, తరువాతివానికి చెప్పుటయే తీర్చుట.

ఫ్రాన్సు రాజ్యాంగపు 1946 నాటి పీఠిక, అన్ని మెట్లయందును ఉచిత విద్య నేర్పఱచుట రాజ్యధర్మమని చెప్పినది. 2019లో అచ్చటి రాజ్యాంగ మండలి యీ వాక్యము విశ్వవిద్యాలయములకును వర్తించుననియు, అల్పమగు రుసుము మాత్రము పుచ్చుకొనవచ్చుననియు తీర్పిచ్చెను. 2024లో మొదటి పట్టమునకు ఏటి రుసుము 175 యూరోలు. అంతకంటె వింతయేమనగా, కొన్ని మహావిద్యాలయములలో చేరిన విద్యార్థులకు రాజ్యమే జీతమిచ్చును. వారు కొన్ని యేండ్లు రాజ్యమునకు కొలువు చేయుటకు బద్ధులగుదురు.

ఒక తప్పును దిద్దుకొన్న దేశము గూర్చి చెప్పి ముగింపునకు వత్తును. హాలండు ప్రభుత్వము 1986 నుండి ప్రతి విద్యార్థికి, ధనిక దరిద్ర భేదము లేక, మూలవేతనమొకటి యిచ్చుచుండెను. 2015లో దానిని తీసివైచి అప్పుగా మార్చెను. విద్యార్థుల ఋణములు పెరుగగా, 2023లో మూలవేతనమును మఱల నిలిపెను. ఆ నడుమ యెనిమిదేండ్లు చదివినవారిని డచ్చివారు తమ భాషలో "దురదృష్టపు తరము" అని వ్యవహరించుచున్నారు. అన్నకు దొరకినది, తమ్మునకు లేదు, చెల్లెలికి మఱల దొరకినది. ప్రభుత్వము తప్పు దిద్దుకొనుటకు ఎనిమిదేండ్లు పట్టినది. ఆ యెనిమిదేండ్ల భారమును మోయువాడు నడుమ పుట్టిన తమ్ముడు.

ఇక మన పిల్లల మాట. ఇంతవఱకు చెప్పిన రాజులందఱును తమ ప్రజలకే రఘుమహారాజులు. ఆ దేశములలో పెక్కు యూరపు సమాఖ్యలో చేరినవి. సమాఖ్యలోని యే దేశపు పిల్లవానినైనను అవి తమ పిల్లవానివలెనే రుసుము విషయమున చూడవలెను. బయటివారి మాట వేఱు. ఇంగ్లండు 1980 నుండి పరదేశీయులకు పూర్తి వెల కట్టినది. డెన్మార్కు 2006లోను, స్వీడను 2011లోను, ఫిన్లండు 2017లోను, నార్వే 2023లోను సమాఖ్యకు వెలుపలివారికి రుసుములు విధించినవి. జర్మనీలో మాత్రము ప్రభుత్వ విశ్వవిద్యాలయములలో పెక్కింటియందు పరదేశీయునకును రుసుము లేదు. అచ్చటను భేదములున్నవి: బాడెన్ వుర్టెంబర్గు రాష్ట్రము 2017 నుండి అర్ధసంవత్సరమునకు 1,500 యూరోలు పుచ్చుకొనుచున్నది, మ్యూనికు సాంకేతిక విశ్వవిద్యాలయము 2024 నుండి రుసుము మొదలిడినది. ఈ కారణములచేతనే మన తెలుగునాటి పిల్లలు ఆ దేశమునకు ఎక్కువగా పోవుచున్నారు. 2023–24లో జర్మనీలో చదువు భారతీయ విద్యార్థులు సుమారు 49 వేలమంది. పరదేశీయులలో వారే యందఱికంటె హెచ్చు.

మా పొరుగూరి రైతుగారి కాగితములో నున్నదేమనగా, పిల్లవాడు ఒక యేటి జీవనమునకు 11,904 యూరోలు ముందుగా నొక కట్టుబడి ఖాతాలో నిలువయుంచి చూపవలెనని. ఆ సొమ్ము విశ్వవిద్యాలయమునకు పోదు, ప్రభుత్వమునకు పోదు. పిల్లవాడు ఆ దేశము చేరిన తరువాత నెలకు 992 యూరోల చొప్పున వానికే తిరిగి వచ్చును. అద్దెకు, అన్నమునకు, ఆరోగ్యపు భీమాకు. పరదేశపు బిడ్డ తమ యూరిలో ఆకలితో పడియుండరాదని వారి కట్టుబాటు.

నేనీ మాట చెప్పగా ఆయన కొంతసేపూరకుండి, "అయితే పంతులుగారూ, ఇది గురుదక్షిణ కాదు. వాడచ్చట ఎవరింటను వారము చెప్పుకొనకుండ ముందుగా కట్టించుకొను వారాల సొమ్మన్నమాట!" అనిరి. ఎనిమిదివందల యేండ్ల చరిత్రను నేను గంటసేపు చెప్పితిని. ఆయన దానినొక్క మాటలో చెప్పిరి. తాకట్టు పెట్టుమనియు వలదనియు నేను చెప్పలేదు. అది ఆయన భూమి, ఆయన మనుమడు. ఆయన ఒక యెకరము మాత్రము తాకట్టు పెట్టి, తక్కినది కుటుంబములో సమకూర్చుకొనిరి. ఆ మధ్యవర్తి చెప్పినది అబద్ధము కాదు. ఫీజు లేదను మాట నిజమే. కాని ఆ మాట దగ్గఱనే యాగినవాడు రైతును సగము దూరము నడిపించి నడిరేయి వదలిపెట్టినవాడగును.

కాబట్టి పెద్దలారా, మీ యింటినుండి ఎవరైనను చదువునకై సముద్రము దాటబోవునపుడు మూడు ప్రశ్నలడుగుడు. రుసుమెంత? రుసుము కాక జీవనమునకెంత? అప్పు చేసినచో దానిని ఎవరు, ఎప్పుడు, ఏ రాబడినుండి తీర్చవలెను? మూడవదే ముఖ్యము. ఇంగ్లండువాని యప్పు వాని రాబడిని చూచి అడుగును, రాబడి లేనినాడు ఊరకుండును. మన బిడ్డ పేర మనము తెచ్చిన అప్పు అట్లు కాదు. వానికి ఉద్యోగము వచ్చినను రాకున్నను గడువునాటికి మన గడపలో నిలుచును. వారి దేశపు అప్పును చూచి మన అప్పును తేలికగా నెంచరాదు.

ఇది విని భయపడి పిల్లలను ఆపుమని నా యుద్దేశము కాదు. చదువు కొఱకు ఇల్లు విడిచిన లూథరును, చినిగిన చెప్పులతో తరగతికి పోయిన జాన్సనును, వారములు తిని మాకు కావ్యములు చెప్పిన మా గురువుగారిని తలచుకొనుడు. వారి చదువునకును ఎవరో ఒకరు వెల చెల్లించిరి; గురువారమునాడు అన్నము పెట్టిన పేరులేని యిల్లాండ్రు చెల్లించిరి. ఏ దేశమునను విద్య ఊరక రాలేదు. చెల్లించునది తండ్రియా, రాజా, బిడ్డయా అను సంగతి ముందుగా తెలిసియుండవలెను. తెలిసి మోసిన బరువు బరువు కాదు. తెలియక నెత్తికెక్కినదే నడుము విఱుచును.